పైగది తలుపుకి వేపమండ

మార్చి 6, 2022

ఈశ్వర్ నడుం ఎలా ఉందో. రాయ్‌పూర్ శివార్లలో, ఉర్లాలో వాళ్ళ షెడ్డులో ఇనప దూలాల మధ్య పొద్దస్తమానం నిలబడే పని. బాగానే ఉందమ్మా అంటాడు గాని, చెప్పులు వేసుకునేటప్పుడు గోడ పట్టుకుంటున్నాడు. కోడలు ఉమారాణికి థైరాయిడ్ మాత్ర మార్చారు. కొత్తది పడుతోందో లేదో. మనవరాలు కల్యాణికి పరీక్షలు. కళ్ళ కింద నలుపు, రక్తం తక్కువేమో. పలాసలో మా అమ్మాయి మాలతి మోకాలి వాపు తగ్గిందో లేదో, ఫోన్లో గొంతు నీరసంగా ఉంది. పక్కింటి పాపయ్యకి బీపీ ఎంతుందో. పైగదిలో ఇత్వారిన్ మూడు రోజులుగా దగ్గుతోంది, కషాయం తాగిందో లేక మొక్కకి పోసిందో.

ఎవర్ని అడిగినా బాగానే ఉన్నాం అంటారు. అడగొద్దని దాని అర్థం. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మార్చి 9

ఇది కల్యాణి పాత సైన్సు నోటుబుక్కు. వెనక సగం ఖాళీ. మా ఊళ్ళో మూడో తరగతి దాకా చదివాను. మిగతా అక్షరాలు మా ఆయన చిన్నారావు గారు రైల్వే క్వార్టర్లో నేర్పారు, డ్యూటీ లేని పూట. ఆయన పోయి పదకొండేళ్ళు. ఈ ఇంట్లో ఇప్పుడు తెలుగు చదివేది నేనొక్కదాన్నే. కల్యాణికి హిందీ, ఇంగ్లీషు. ఉమారాణి భిలాయిలో పుట్టింది, మాటొచ్చు, అక్షరం రాదు. ఈశ్వర్ కూడబలుక్కుని రెండు లైన్లు చదివి కళ్ళజోడు బాలేదంటాడు. అంచేత పుస్తకానికి తాళం అక్కర్లేదు. ఏదైనా రాసుకోవచ్చు.

అలా అనుకున్నా భయంగానే ఉంది.

మార్చి 13

పైగది పిల్ల సంగతి. ఆదివారం పుట్టిందట, అందుకని ఇత్వారిన్. మా వైపైతే ఆదెమ్మ అనేవాళ్ళం. గోండు పిల్ల, ముప్పై నాలుగేళ్ళు. ఊరు ఉత్తరాన. అంబికాపూర్ రైల్లో రాత్రంతా వెళ్ళి, ఆ పైన జీపు, ఆ పైన నడక. వాళ్ళ అడవి కింద బొగ్గుంది. కంపెనీకి కావాలి. ఊరు ఇవ్వనంది. ఆడవాళ్ళని సంఘంగా కూర్చోబెట్టి ఆ మాట అనిపించింది ఈ పిల్లే. అందుకని జిలా బదర్ వేశారు. పైనుంచి కాయితం మీద రాస్తారట, ఏడాదిపాటు సొంత జిల్లాలోను, చుట్టుపక్కల జిల్లాల్లోను అడుగు పెట్టకూడదని. పెడితే జైలు. మామూలుగా రౌడీలకి వేసేదట అది.

జనవరిలో వకీలు తీసుకొచ్చాడు. రాయ్‌పూర్లో మా మోవా పేటలో ఏడిళ్ళు తిరిగారు, ఆ కాయితం సంగతి విని ఎవరూ గది ఇవ్వలేదు. నేనిచ్చాను. జాలితో కాదు. నల్లకోటు మనిషిని కాదంటే ఏమవుతుందోనని. ఇచ్చాక, ఇస్తే ఏమవుతుందోనని.

సోమవారం, శుక్రవారం ఠాణా నుంచి హవల్దారు దేవాంగన్ రిజిస్టరు పట్టుకుని వస్తాడు. పిల్ల సంతకం పెడుతుంది, పోతాడు. అతని బండి ఆగగానే నా కాళ్ళు వణుకుతాయి. డెబ్భై నాలుగులో రైల్వే సమ్మెప్పుడు పోలీసులు క్వార్టర్ తలుపులు బాదారు. అప్పటి వణుకు ఇంకా పోలేదు.

మార్చి 20

ఆదివారం. హాస్టలు నుంచి తొమ్మిది మంది ఆడపిల్లలు పైగదికి వచ్చారు. అందరూ ఆదివాసీ పిల్లలే, ఒక్కోళ్ళు ఒక్కో జిల్లా. ఇత్వారిన్ వాళ్ళ చేత చట్టం కాయితాలు చదివిస్తోంది. ఐదో షెడ్యూలు, గ్రామసభ, అడవి పట్టా. ఒక పిల్ల చదవాలి, పక్కపిల్ల దాన్ని వాళ్ళమ్మకి చెప్పినట్టు చెప్పాలి. అమ్మకి అర్థం కాకపోతే నీకూ కాలేదు అంటుంది. మెట్ల మీద కూర్చుని విన్నాను. నాక్కూడా అర్థమైంది. అదొక దిగులు మళ్ళీ, తెలిశాక తెలీదనలేం కదా.

ఊరినుంచి బియ్యం బస్తా వచ్చింది. వాళ్ళ సంఘానికి చందా అంటూ లేదట. ప్రతి ఆడది వారానికి ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన పెడుతుంది. ఎవరు ఆఫీసుకి వెళ్ళాలన్నా, కోర్టుకి వెళ్ళాలన్నా ఆ పిడికిళ్ళే. పద్నాలుగేళ్ళుగా అదే పద్ధతి. బస్తా విప్పితే నాలుగు రంగుల బియ్యం కలిసి ఉన్నాయి, సన్నాలు, దొడ్డువి, ఎర్రవి. అన్నీ ఒకేసారి ఉడకవు.

పాపయ్య గోడ మీంచి తొంగి చూసి, ఏటి సూరమ్మా, మేడ మీద పార్టీ ఆఫీసెట్టీసినావేటి, ఎలక్షన్లో నిలబడతావా అన్నాడు. రిటైరయ్యి పదేళ్ళయినా ఇంకా స్టేషన్ మాస్టరులాగే అరుస్తాడు. కుట్టు క్లాసు అన్నాను. కుట్టుమిషను చప్పుడేదీ అన్నాడు.

ఏప్రిల్ 11

ఈశ్వర్ అన్నం దగ్గర చెప్పాడు. వాళ్ళ షెడ్డుకి పెద్ద ఆర్డరు వచ్చిందట, బొగ్గు మోసే కన్వేయరుకి ఇనప స్టాండ్లు. ఎవరి బొగ్గు అంటే ఆ కంపెనీదే. ఇత్వారిన్ వాళ్ళ అడవి పక్కదే.

అమ్మా, నీకేటైనా దిమాగుందా, మా మేనేజరుకి నా ఇంటి అడ్రసు తెలిస్తే నన్నుంచుతాడా, ఆవిణ్ణి ఖాళీ చేయించీ అన్నాడు. వాడు గట్టిగా అనలేదు. గట్టిగా అంటే నాకు సులువుగా ఉండేది. నలభై ఆరేళ్ళ వాడు, నడుం పట్టేసి, ఒక పక్కకి ఒరిగి కూర్చుని అన్నాడు.

ఏప్రిల్ 12

చెప్పడానికి పైకి వెళ్ళాను. కరివేపాకుందా అని అడిగి దిగొచ్చేశాను.

మే 3

ఎండ నలభై నాలుగు. పైగది పెనంలా ఉంది. పొద్దున్నే ఇత్వారిన్ రాత్రన్నంలో నీళ్ళు పోసి ఉల్లిపాయతో తింటోంది. బాసీ అంటుంది. మా చద్దన్నమే. నేనూ పక్కన కూర్చుని తిన్నాను. ఉమారాణి చూస్తే షుగరు అని అరుస్తుంది.

సాయంత్రం మేడ మీద నిలబడి బిలాస్‌పూర్ రోడ్డు మీద బస్సులు చూస్తుంది. ఏ బస్సు ఎక్కడిదాకా వెళ్తుందో చెప్తుంది. తను ఎక్కకూడనివి వేలితో చూపిస్తుంది. నవ్వుతూనే చెప్తుంది. వాళ్ళమ్మకి నా వయసే. కంటి ఆపరేషను చేయించాలట. కూతురు లేకుండా ఎవరు తీసుకెళ్తారు?

జూన్ 10

సంఘం నుంచి కబురు. పదిహేనో తారీఖున గ్రామసభ. అడవి ఇస్తారా ఇవ్వరా, ఆఖరిసారి అడుగుతారట. ఓటరు లిస్టులో రెండు వందల పన్నెండు మంది. అందులో సగం, నూట ఆరుగురు కూర్చుని సంతకమో వేలిముద్రో వేస్తేనే తీర్మానం చెల్లుతుంది. నూట ఐదైతే చెల్లదు.

సరిగ్గా అదే రోజుకి కంపెనీ మూడు బస్సులు పెట్టింది, దేవుడి యాత్రకి. ఉచితం, భోజనాలతో సహా. చాలామంది పేర్లు రాయించేశారట.

ఇత్వారిన్ రెండు రోజులుగా ఫోను చెవికి పెట్టుకుని మేడ మీద ఈ చివర్నించి ఆ చివరికి తిరుగుతోంది. సిగ్నలు కోసం కాదు. ఒక్కొక్క ఇల్లూ లెక్క వేస్తోంది, ఎవరుంటారు, ఎవరు బస్సెక్కుతారు అని. ఎటు కూడినా నూట ఐదే వస్తోంది.

జూన్ 14, సాయంత్రం ఏడు

చెప్పేసింది. రాత్రి రైలుకి వెళ్తుంది. రేపు సభ. ఎల్లుండి పొద్దున్నే వచ్చేస్తుంది. సోమవారం సంతకం అయిపోయింది, మళ్ళీ శుక్రవారమే కదా అంది.

నన్ను మాజీ అంటుంది, అమ్మగారని. మాజీ, ఎవరైనా అడిగితే తెలీదు అనండి. ఆ ఒక్క మాటే. ఇంకేమీ కలపొద్దు అంది. చిన్నపిల్ల చేత ఎక్కం చెప్పించినట్టు నా చేత మూడుసార్లు అనిపించింది. తెలీదు. తెలీదు. తెలీదు.

జూన్ 15, పదకొండున్నర

దేవాంగన్ వచ్చాడు. బుధవారం నాడు! ఆ పిల్ల జిల్లా నుంచి ఎవరో ఠాణాకి ఫోన్ చేశారట, ఆ మనిషి రాయ్‌పూర్లోనే ఉందా, కళ్ళతో చూసి చెప్పండి అని.

ఎక్కడ ఇత్వారిన్ అన్నాడు. తెలీదు అనాలి. నోరు తెరిచాను. పైన ఉంది, జ్వరం అని వచ్చింది. పిలవండి అన్నాడు. లేవలేదు అన్నాను. నేనే వెళ్తా అని మెట్టు మీద కాలు పెట్టాడు. మాతా వచ్చింది బాబూ అన్నాను.

ఎలా అన్నానో తెలీదు. అమ్మవారు పోసింది, ఒళ్ళంతా పొక్కులు అని చెప్పేశాను. వేపమండ లేదే అన్నాడు. ఇప్పుడే కడుతున్నా, ఆగండి అన్నాను. నా మోకాళ్ళతో ఆ మెట్లు అంత జోరుగా ఎప్పుడూ ఎక్కలేదు. పాపయ్య వాళ్ళ వేపకొమ్మ మా మేడ మీదకి వంగి ఉంటుంది. రెండు మండలు విరిచి, బట్టలారేసే తాడు తెంపి, తలుపు గొళ్ళేనికి కట్టాను.

దేవాంగన్ నాలుగు మెట్లెక్కి మండ చూశాడు. అక్కడే బూట్లు విప్పాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని దండం పెట్టాడు. అమ్మాజీ, అభన్‌పూర్లో నాకు ఇద్దరు చిన్నపిల్లలున్నారు, నేను పైకి రాను అన్నాడు. కిందకి దిగి రిజిస్టరులో ఉంది, జబ్బు అని రాసుకున్నాడు. ఇంటి ఓనరు సంతకం కావాలన్నాడు. పెట్టాను. తెలుగులో. అది చూసి, ఏం అమ్మాజీ, జిలేబీలు చుట్టారు అని నవ్వాడు.

మూడు గంటలు

అమ్మవారి పేరు మీద అబద్ధం చెప్పాను. తల్లీ, నన్నేం చేసినా సరే, పిల్లల జోలికి పోకు.

రాత్రి

మండ విప్పడానికి లేకుండా పోయింది. వీధంతా చూసేశారు. ఉమారాణి కంగారుపడి కల్యాణిని భిలాయి పంపేసింది. దానికీ నిజం చెప్పలేకపోయాను. ఈశ్వర్‌కీ చెప్పలేదు. ఇంట్లో తాలింపు పెట్టకూడదు కదా, చప్పిడి పప్పు తిని లేచిపోయాడు.

జూన్ 16

తెల్లారకముందే వచ్చింది. కాళ్ళు మోకాళ్ళదాకా మట్టి. నూట ఐదుగురు కూర్చుని ఉన్నారట. తను కొంగు కప్పుకుని వెనకనించి వెళ్ళి కూర్చుని, నూట ఆరోది వేసిందట. ఇవ్వం అని తీర్మానం రాశారు. ఆ మాట చెప్తూ నవ్వింది, ఏడ్చింది, మంచినీళ్ళడిగింది. అప్పుడు చూసింది తలుపుకి వేపమండ.

జరిగింది చెప్పాను. తెలీదు అనమన్నాను కదా మాజీ అంది. అంతే.

జూన్ 19

తొమ్మిది రోజులు గదిలోంచి బయటికి రాకూడదు. వస్తే వీధి చూస్తుంది. జిల్లా మొత్తం పోయి మోవాలో ఒక గది మిగిలింది ఆ పిల్లకి. ఇప్పుడు నేను గొళ్ళెం పెట్టాను. సభల్లో అంతమందిని కూర్చోబెట్టిన మనిషి, నా మాట కోసం ముసుగు కప్పుకుని మంచం మీద పడుకుంది. ఫ్యానుకి కరెంటు లేదు.

వీధి ఆడవాళ్ళు చలివిడి, పెరుగన్నం, గాజులు తెచ్చి మెట్ల మీద పెట్టి వెళ్తున్నారు. ఎదురింటి కోటమ్మ మూడు మైళ్ళు నడిచి శీతలమ్మ గుడికి వెళ్ళి కుంకం తెచ్చింది. దేవాంగన్ శుక్రవారం కొబ్బరికాయ తెచ్చాడు, వాళ్ళావిడ పంపిందట. గుమ్మంలోనే కొట్టి నాకో చిప్ప ఇచ్చాడు. తిన్నాను.

జూన్ 21

భిలాయిలో కల్యాణికి జ్వరం. ఒంటి మీద ఎర్రటి పొక్కులట.

జూన్ 22

రాత్రి నిద్ర లేదు. తల్లికి చెప్పాను కదా పిల్లల జోలికి పోవద్దని.

జూన్ 23

చెమటకాయలట. జ్వరం ఎండదట. డాక్టరు పౌడరు రాశాడు. ఉమారాణి చెప్తుంటే అమ్మవారికి దండం పెట్టుకున్నాను.

జూన్ 24

తొమ్మిది రోజులూ నిండాయి. పసుపు, వేపాకు వేసి నీళ్ళు కాచి ఇత్వారిన్ తలకి పోశాను. లేని అమ్మవారికి నీళ్ళెందుకు మాజీ అని నవ్వింది. నీకు కాదు, నాకు అన్నాను.

జూలై 9

వకీలు వచ్చాడు. మొహం బాలేదు.

తీర్మానం మీద కంపెనీ తరఫువాళ్ళు అర్జీ పెట్టారు. సభ రిజిస్టరులో నూట ఆరో సంతకం ఇత్వారిన్‌ది. ఆ రోజు ఇత్వారిన్ రాయ్‌పూర్లో మంచాన ఉందని పోలీసు రిజిస్టరు చెప్తోంది. కాబట్టి ఆ సంతకం దొంగది. అది కొట్టేస్తే నూట ఐదు. సభ చెల్లదు. ఊరు ఇవ్వనన్న మాట లేనట్టే.

పోలీసు రిజిస్టరులో సాక్షి ఎవరు? జిలేబీలు చుట్టిన నేను.

జూలై 11

ఇత్వారిన్ ఉత్తరం రాసిచ్చింది. నేనే వెళ్ళాను, సంతకం నాదే, జిలా బదర్ దాటాను, శిక్ష వెయ్యండి అని. ఎవరూ నమ్మటం లేదట. ఊరి కోసం తప్పు నెత్తిన వేసుకుంటోంది అంటున్నారు. ఊరివాళ్ళు చెప్తే అందరూ ఒక జట్టే కదా అంటున్నారు. సభ ఫోటో ఉంది గాని, అందులో కొంగు తప్ప మొహం లేదు.

వకీలు నావైపు చూసి, ఆ రిజిస్టరు తప్పని చెప్పగలిగేది మీరొక్కరే అన్నాడు. చెప్పమని నేననను, మీమీద కూడా కేసు రావచ్చు, ఆవిడకైతే జైలు ఖాయం అన్నాడు.

ఉందంటే ఊరు పోతుంది. లేదంటే పిల్ల పోతుంది.

జూలై 15

దేవాంగన్ యూనిఫాం లేకుండా వచ్చాడు. లుంగీ, చొక్కా. అలా చూస్తే మా ఆయన రైల్వే గ్యాంగులో కుర్రాడిలా ఉన్నాడు. అమ్మాజీ, నేను తలుపు తీసి చూడలేదని తెలిస్తే నా నౌకరీ పోతుంది, మాతా ముందు టోపీ తీశాను కదా, అదే నా తప్పా అన్నాడు. కళ్ళలో నీళ్ళు. మీరు చెప్పిందే మళ్ళీ చెప్పండి, కొత్తగా ఏమీ వద్దు అన్నాడు. టీ ఇచ్చాను. తాగకుండా వెళ్ళిపోయాడు.

జూలై 18

ఈశ్వర్‌కి మొత్తం తెలిసిపోయింది. పళ్ళెం తోసేశాడు. ఎలక కనబడితే మంచమెక్కుతావు, పోలీసు చేతికి అబద్ధం ఇచ్చీసినావా అన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. చెప్పిందే చెప్పీ అమ్మా, నీకేటీ అవదు, ఆవిడకేటీ అవదు, నా పనికేటీ అవదు, అందరూ బచ్ జాతారు, గట్టెక్కీస్తారు.

ఊరో అన్నాను.

ఊరు మనదా అన్నాడు.

జూలై 20

ఇరవై ఏడున బయాన్, అదే వాంగ్మూలం, ఇవ్వడానికి రమ్మని కాయితం. కల్యాణి చదివి పెట్టింది. చదువుతూ దాని గొంతు కూడా వణికింది. నా రక్తమే.

జూలై 21

పైకి వెళ్ళి ఇత్వారిన్‌తో పోట్లాడాను. నిన్ను జైల్లో వెయ్యమని నా నోటితో నేను చెప్పాలా, నేను చెప్పను, ఏం చేసుకుంటావో చేసుకో అని అరిచాను. నీకు తల్లి ఉంది, ఆవిడకి కళ్ళు కనబడవు, కొంచెమైనా జాలుందా అన్నాను.

ఆ పిల్ల బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఏరుతూనే అంది. మాజీ, మీరు నన్ను కాపాడాలని చెప్పారు. మా పెద్దవాళ్ళని కూడా అందరూ అలాగే కాపాడారు. మీకు తెలీదు, మేం చెప్తాం, మీరు లోపల కూర్చోండి అని. మాకొచ్చిన ఒకే ఒక్క హక్కు, మా మాట మేం చెప్పుకోవడం. నేను వెళ్ళి చెప్పొచ్చాను. మీరు అది చెప్పలేదంటున్నారు.

నాకు ఏడుపొచ్చింది. అది చూసి నవ్వించాలని కాబోలు, జైలైతే మా జిల్లా జైలే కదా, ఆరు నెలలుగా రానివ్వని చోటికి వాళ్ళే టికెట్ పెట్టి తీసుకెళ్తారు అంది. నవ్వలేదు నేను. కిందకి దిగొచ్చి నవ్వొచ్చింది, ఏడుపుతో పాటే.

జూలై 26

ఒకటే ఆలోచన. నూట ఐదుగురు వేలిముద్ర వేసి చేతులు తుడుచుకుని ఇంటికి వెళ్ళి ఉంటారు. అయిపోయిందనుకుని.

జూలై 27, సాయంత్రం

అంతా రాయాలి, మర్చిపోకముందు.

ఈశ్వర్ రానన్నాడు. షెడ్డుకి వెళ్ళిపోయాడు. పాపయ్య ఆటో మాట్లాడి, పద సూరమ్మా, నా వేపచెట్టు కూడా సాక్షే కదా అన్నాడు. వీధిలో ఏం తెలిసిందో ఎంత తెలిసిందో అడగలేదు. ఆటోలో మాత్రం, తొమ్మిది రోజులు నాసేత కూడా సప్పిడి కూడు తినిపించినావు, నా బీపీ తగ్గింది, ఆ పుణ్యమైనా నీదే అన్నాడు. అంటే అన్నీ తెలుసు.

పదింటికి కలెక్టరాఫీసుకి వెళ్తే మూడింటికి పిలిచారు. వరండాలో ఒక చివర దేవాంగన్, ఒక చివర ఇత్వారిన్, వకీలు. మధ్యలో బెంచీ మీద నేను. రెండుసార్లు బాత్రూంకి వెళ్ళాను. మూడోసారి వెళ్ళొస్తుండగా పిలిచారు.

విచారణ చేసే సాబు ఆ జిల్లా నుంచి వచ్చాడు. ఇత్వారిన్ అక్కడికి వెళ్ళకూడదు కాబట్టి ఆయనే ఇక్కడికి వచ్చాడట. నా కొడుకు వయసు. మర్యాదగా కూర్చోమన్నాడు. రిజిస్టరు తిప్పి చూపించి, ఇది మీ సంతకమేనా అన్నాడు. నాదే అన్నాను. ఇత్వారిన్ ఆ రోజు ఇంట్లో ఉందా అన్నాడు.

మంచినీళ్ళడిగాను. నీళ్ళిచ్చారు. సగం చీర మీద పోసుకున్నాను.

లేదు బాబూ అన్నాను. పదిహేనో తారీఖు పొద్దున గది ఖాళీ. జ్వరమూ లేదు, అమ్మవారూ లేదు. వేపమండ నేను కట్టాను. పాపయ్య చెట్టుది. హవల్దారు దేవుడి భయంతో ఆగిపోయాడు, అతని తప్పు లేదు. నాకు పోలీసంటే భయం, అతనికి మాతా అంటే భయం, ఆ రెండు భయాలు కలిసి ఆ రిజిస్టరులోకి ఎక్కాయి అన్నాను. హిందీలో అన్నాను, తప్పులతో. రాసే అతను రాయడం ఆపి నన్ను చూశాడు.

సాబు రిజిస్టరు తనవైపు తిప్పుకున్నాడు. అప్పుడు అబద్ధం చెప్పాను అంటున్నారు, ఇప్పుడు నిజమని ఏమిటి నమ్మకం, ఈ సంఘంవాళ్ళు నేర్పి పంపారేమో అన్నాడు. అది న్యాయమే. నేనైనా అలాగే అడుగుతాను.

నేర్పి పంపింది తెలీదు అనమని, అదే సరిగ్గా అనలేకపోయాను అన్నాను. తర్వాత నా నోట్లోంచి ఇంకో మాట వచ్చింది, ఆలోచించి అన్నది కాదు. బాబూ, అమ్మవారు పోసి ఆరు వారాలైతే ఆనవాళ్ళుండవా? నా ఒంటి మీద అరవై ఏళ్ళనాటివి ఇంకా ఉన్నాయి అని, చెంప మీద, ముంజేతి మీద గుంటలు చూపించాను. ఆ పిల్లని పిలిచి చూడండి అన్నాను.

ఇత్వారిన్‌ని లోపలికి పిలిచారు. ఆఫీసులోని ఒకావిడ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మొహం, మెడ, చేతులు, వీపు చూసింది. ఎండకి నల్లబడ్డ చర్మం. ఒక్క మచ్చ లేదు. అద్దంలా ఉంది సార్ అంది.

సాబు రాయించుకున్నాడు. నాకు చదివి వినిపించారు. సంతకం పెట్టమన్నారు. అదే సంతకం, అవే జిలేబీలు. మీరిచ్చిన తప్పుడు మాట మీద తర్వాత నోటీసు రావచ్చు అన్నాడు. సరే బాబూ అన్నాను.

బయటికి వస్తే దేవాంగన్ గోడకి తిరిగి నిలబడి ఉన్నాడు. పిలిచాను. తిరగలేదు.

ఇత్వారిన్ నా చెయ్యి పట్టుకుంది. నేను విడిపించుకున్నాను. నా చేత్తో నేను చేసిన పని. పట్టుకోనివ్వడం కూడా సిగ్గనిపించింది.

ఆగస్టు 4

ఈశ్వర్ మాట్లాడటం లేదు. నాతోనే కాదు, ఎవరితోనూ. నడుముకి కాపడం పెట్టమని ఉమారాణితో చెప్పించాను.

ఆగస్టు 8

వీధిలో నన్ను చూసి కోటమ్మ తల తిప్పుకుంది. గుడికి నడిచిన మనిషి. తిప్పుకోవలసిందే.

ఆగస్టు 20

విచారణ సాబు ఆర్డరు వచ్చింది. వకీలు ఫోనులో చదివాడు. నూట ఆరో సంతకం ఇత్వారిన్‌దే. ఆమె సభలో ఉంది. తీర్మానం చెల్లుతుంది.

పైనుంచి పాట వినిపించింది. ఇత్వారిన్ ఇన్ని నెలల్లో పాడగా వినడం ఇదే. వాళ్ళ భాష, ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఆగస్టు 21

పొద్దున్నే వచ్చారు. కొత్త హవల్దారు, ఇద్దరు ఆడపోలీసులు. ఇత్వారిన్ సంచి సర్దుకుని సిద్ధంగా ఉంది. రెండు చీరలు, చట్టం పుస్తకం, మిగిలిన బియ్యం నాకిచ్చేసింది. జిలా బదర్ దాటినందుకు కేసు. నేను చెప్పిన మాట మీదే. జీపు ఎక్కేటప్పుడు, మాజీ, కషాయం మానకండి అంది. నాకు దగ్గే లేదు. దానికే ఉంది.

సెప్టెంబరు 2

దేవాంగన్‌ని సస్పెండ్ చేశారు. ఆరు నెలలో, ఎంతో. అభన్‌పూర్ వెళ్ళి కాళ్ళు పట్టుకోవాలని ఉంది. వెళ్తే ఏమంటాడో.

సెప్టెంబరు 11

ఆదివారం. హాస్టలు పిల్లలు వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. అక్క లేదు కదా అన్నాను. తెలుసు అన్నారు. పైగది తాళం తీసి ఇచ్చాను. ఈశ్వర్ వరండాలో పేపరు చదువుతున్నాడు, చూశాడు. కాసేపటికి లోపలికి వెళ్ళి, ఉమా, పైన ఫ్యాను తిరుగుతోందా లేదా చూడు అన్నాడు.

అంతే అన్నాడు. వాళ్ళ షెడ్డుకొచ్చిన ఆర్డరు ఉందో పోయిందో వాడు చెప్పలేదు, నేనడగలేదు.

సెప్టెంబరు 19

బెయిలు రాలేదు.

సెప్టెంబరు 24

ములాఖాత్‌కి అర్జీ పెట్టాలి. వకీలు ఫోనులో రాసుకుంటున్నాడు. ఖైదీతో సంబంధం ఏం రాయమంటారు అన్నాడు. ఇంటి ఓనరు అన్నాను. చెల్లదట, రక్తసంబంధం ఉండాలట. పెద్దమ్మ అని రాయండి అన్నాను. గోండు పిల్లకి ఆంధ్రా పెద్దమ్మా, జైలువాళ్ళు నవ్వుతారు అన్నాడు. నవ్వనీ, రాయండి అన్నాను. ఇంకో అబద్ధం, ఇంకో సర్కారు కాయితం మీద. ఈసారి వణుకు రాలేదు. అదీ భయంగానే ఉంది.

రాత్రంతా రైలు. ఈయన పోయాక రైలెక్కలేదు. పై బెర్తు వస్తే? టిఫిను ఎక్కడ? స్టేషనుకి సంఘం ఆడవాళ్ళు వస్తారట, నన్నెలా గుర్తుపడతారు? నేను వాళ్ళనెలా గుర్తుపడతాను?

సెప్టెంబరు 26

కింది బెర్తే దొరికింది. ఈశ్వర్ తీశాడు. రెండు టికెట్లు తీశాడు. ములాఖాత్ అక్టోబరు 6, గురువారం, దసరా మర్నాడు, పొద్దున పదకొండు గంటలకి.